కష్టంలో కనిపించేదే మనిషి అసలు గుణమా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మిర్చి సాగులో వరుసగా దెబ్బతిని అప్పులపాలైన మీ బావగారు ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు, చెప్పిన తేదీకి డబ్బు సర్దడం లేదు, శుభకార్యాలకు రావడం కూడా మానేశారు. బంధువులలో కొందరు “కష్టం వచ్చేసరికి అసలు రంగు బయటపడింది” అంటున్నారు. మరికొందరు “చేసుకున్నవారికి చేసుకున్నంత” అని చేతులు దులుపుకుంటున్నారు. ఈ రెండు మాటలలో దేనిని నమ్మాలని, పాత బాకీలు తీర్చడానికి ఆయన తీసుకోబోయే కొత్త అప్పుకు హామీ సంతకం పెట్టవచ్చా అని మీరు అడిగారు.

నేను గుంటూరు, పల్నాడు ప్రాంతాల గ్రామీణ శాఖలలో పంట రుణాలు చూస్తూ ఉద్యోగ జీవితంలో అధిక భాగం గడిపి రిటైరైన బ్యాంకు అధికారిని. ఆ అనుభవంతో సూటిగా చెబుతున్నాను: అప్పు మెడమీదికి వచ్చిన నెలలలో మనిషి ఎలా ప్రవర్తించాడన్నది చూసి అతని గుణాన్ని తేల్చకండి. కష్టం రాకముందు ఏ ఏర్పాటు చేసుకున్నాడు, అది వస్తున్నదని తెలిశాక ఎన్నాళ్ళకు నోరు విప్పాడు అన్న రెండు సంగతులు చూడండి. ఇక ఎవరి పరిస్థితి వారు తెచ్చుకున్నదేనన్న మాటలో నిజం కొంత ఉంది కాని, మీ బంధువులు అనుకుంటున్న చోట లేదు. హామీ సంగతి చివరలో చెబుతాను.

మిర్చి గురించే అడిగారు కాబట్టి మిర్చితోనే మొదలుపెడతాను. 2016లో గుంటూరు యార్డులో క్వింటాలు ధర పది వేలు దాటింది. ఆ ధర చూసి, అంతకుముందు పత్తి వేసిన చేలలో కూడా మిర్చి నాటారు. 2017 ఏప్రిల్ వచ్చేసరికి అదే సరుకు మూడు వేల దగ్గరకు దిగిపోయింది. మే నెలలో కేంద్రం క్వింటాలుకు 5,000 రూపాయల చొప్పున ఆంధ్రప్రదేశ్‌లో 88,300 టన్నుల వరకు కొనడానికి అనుమతి ఇచ్చింది. అప్పటికే చాలామంది చిన్న రైతులు వచ్చిన ధరకు తెగనమ్ముకుని ఇంటికి వెళ్ళిపోయారు. ఈ పరిస్థితిని ఎవరు తెచ్చారు? అందరూ కలిసి ఒకే పంట వేయడం వల్లనే ధర పడిందన్నది ఒప్పుకోవలసిన మాట. అయితే వారిలో ఏ ఒక్క రైతు మానుకున్నా ధర పడకుండా ఆగేది కాదు. కాబట్టి ధర పతనానికి మీ బావగారిని బాధ్యుణ్ణి చేయలేము. ఆ పతనం ఆయనను ఎంత లోతుకు తోసిందన్న దానిలో మాత్రం ఆయన వంతు ఉంటుంది.

ఆ ఏడాది ఒకే ఊళ్ళో గట్టు పంచుకున్న ఇద్దరు రైతులు మా శాఖలో ఖాతాదారులుగా ఉండేవారు. మొదటి ఆయన తన నాలుగు ఎకరాలలో రెండున్నర ఎకరాలకే మిర్చి పెట్టి, మిగిలిన దానిలో కంది, మినుము వేశారు. రెండవ ఆయన సొంత పొలమంతా మిర్చి పెట్టడమే కాక, మరో ఆరు ఎకరాలకు ముందుగా కౌలు చెల్లించి తీసుకున్నారు. ఆ కౌలు సొమ్ము నూటికి మూడు రూపాయల వడ్డీకి, అంటే ఏడాదికి 36 శాతానికి తెచ్చినది. నాట్ల కాలంలో చూసిన వారెవరైనా రెండవ ఆయనను చొరవ గల రైతు అనీ, మొదటి ఆయనను పిరికివాడనీ అనేవారు, ఊళ్ళో అన్నారు కూడా. ధర పడిన తరువాత మొదటి ఆయన సగం సరుకు అమ్మి, మిగిలిన టిక్కీలను, అంటే మిర్చి బస్తాలను, కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఊరుకున్నారు. రెండవ ఆయన కోత కూలి కూడా కమీషన్ వ్యాపారి దగ్గర తెచ్చి ఇచ్చి ఉండటం వల్ల, ఆయన సరుకు యార్డు గేటు దాటగానే పాత బాకీ కింద జమ అయిపోయింది. తరువాతి సీజనుకు ధర కోలుకుంది. అప్పుడు అదే ఊరు మొదటి ఆయనను ఓర్పు గల మనిషి అనీ, రెండవ ఆయనను దురాశాపరుడు అనీ అన్నది.

నేను ఈ తీర్పులు రెండింటినీ ఒప్పుకోను. ధర కోసం ఎదురుచూడటానికి మొదటి ఆయనకు స్టోరేజీ అద్దె తప్ప ఖర్చు లేదు. రెండవ ఆయనకు ఎదురుచూసిన ప్రతి నెలా నూటికి మూడు రూపాయలు పోతుంది. మనం ఓర్పు అని మెచ్చుకునేది చాలాసార్లు గుణం కాదు, చేతిలో ఉన్న వెసులుబాటు. ఆ వెసులుబాటు ఎక్కడ నుంచి వచ్చిందని వెనక్కి వెళితే మాత్రం, అక్కడ మనిషి కనిపిస్తాడు: ఎవరూ ఒత్తిడి పెట్టని జూన్ నెలలో, ధర బాగున్న కాలంలో, ఎన్ని ఎకరాలు, ఎవరి డబ్బుతో, ఏ వడ్డీకి అని వేసుకున్న లెక్కలో. ఆ లెక్క వేసిన రోజున ఎవరూ గుణాన్ని చూడటం లేదు కాబట్టి అది కష్టకాలంలో బయటపడినట్లు అనిపిస్తుంది.

దీనికి పూర్తిగా భిన్నమైనది 2021-22 సీజను. నల్ల తామర పురుగు రెండు తెలుగు రాష్ట్రాలలోనూ మిర్చి పూతలో చేరి, పూత నిలవకుండా చేసింది. ఏ రైతు జాగ్రత్త లోపం వల్లా అది రాలేదు. వ్యవసాయ శాస్త్రవేత్తలే దానిని అదుపు చేసే దారి కోసం తడుముకున్న సమయమది. నేను అప్పటికి శాఖలో లేకపోయినా, పాత ఖాతాదారులు సలహా కోసం వస్తూనే ఉన్నారు. కొందరు తోట దున్నేసి మొక్కజొన్న వేశారు, కొందరు చివరి వరకు మందులు కొడుతూనే ఉన్నారు. దున్నేసినవారు వివేకులు, కొడుతూ ఉన్నవారు మూర్ఖులు అనుకోవడం సులభం. అయితే రెండవ కోవలో చాలామంది కౌలు రైతులు. మిర్చి దున్నేసి మొక్కజొన్న వేస్తే వచ్చే రాబడి వారి కౌలు అప్పు వడ్డీకి కూడా చాలదు, మందు కొడితే ఏ మూలో ఆశ ఉంది. పంట రుణం పట్టాదారు పేరు మీద ఉంటుంది, నష్టపరిహారం కూడా తరచు అక్కడికే పోతుంది. 2011లో కౌలు రైతులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చినా, కౌలుకు ఇచ్చామని ఒప్పుకుంటే భూమి మీద హక్కు పోతుందేమోనని భూయజమానులు వెనుకాడటం వల్ల అది ఎందరికో అందలేదు. ఇలాంటి చోట “ఎవరి పరిస్థితి వారు తెచ్చుకున్నదే” అనడం అన్యాయం.

మరి మనుషులు తమ పరిస్థితిని తామే తయారు చేసుకునేది ఎక్కడ? నా అనుభవంలో పెద్ద నిర్ణయాలలో కంటే చిన్న తప్పించుకోవడాలలో ఎక్కువ. రికవరీకి ఇళ్ళకు వెళ్ళినప్పుడు, మా శాఖ పంపిన నోటీసులు దూలానికీ పైకప్పు రేకుకూ మధ్య దోపి ఉండటం, వాటిలో కొన్నింటికి అంటించిన జిగురు కూడా ఊడకపోవడం మేము తరచు చూసేవాళ్ళం. ఆ కవరు తెరవకపోవడం వల్ల ఏమవుతుందో కొంచెం వివరంగా చెప్పాలి. మూడు లక్షల లోపు పంట రుణానికి వడ్డీ 7 శాతం. గడువులోగా కడితే మరో 3 శాతం రాయితీ వచ్చి 4 శాతమే పడుతుంది. గడువు దాటితే ఆ రాయితీ పోతుంది. స్వల్పకాలిక పంటలకు రెండు సీజన్లపాటు బకాయి నిలిస్తే ఖాతా మొండి బాకీ, అంటే ఎన్‌పీఏ అవుతుంది, ఆపై కొత్త రుణం పుట్టదు. అప్పుడు విత్తనాలకూ పురుగుమందులకూ దుకాణంలో ఖాతా పెట్టాలి. అక్కడ అరువు ధర నగదు ధర కంటే ఎక్కువ, పైగా పంటను ఆ వ్యాపారి చెప్పిన చోటే అమ్మాలి. రెండు మూడేళ్ళ తరువాత ఆ రైతు “పరిస్థితులు బాగోలేవు సార్” అంటే అది అబద్ధం కాదు, నిజంగానే బాగోలేవు. కాని వాటిలో చాలా భాగం, గడువుకు ముందు ఒక ఉదయం శాఖకు రాకపోవడంతో మొదలైనవి.

వస్తే ఏమయ్యేదని మీరు అడగవచ్చు. ప్రభుత్వం ఆ ప్రాంతాన్ని విపత్తు బారిన పడినదిగా ప్రకటించి, పంట నష్టం 33 శాతం, ఆపైన ఉంటే, స్వల్పకాలిక పంట రుణాన్ని దీర్ఘకాలిక రుణంగా మార్చే వీలు రిజర్వు బ్యాంకు మార్గదర్శకాలలో ఉండేది: నష్టం 33 నుంచి 50 శాతం మధ్య అయితే రెండేళ్ళ వరకు, 50 శాతం దాటితే ఐదేళ్ళ వరకు. దానికి రైతు వచ్చి కాగితాల మీద సంతకం పెట్టాలి. అర్హత ఉండి కూడా రానివారు ప్రతిసారీ ఉండేవారు.

వారు ఎందుకు రారన్నదే మీ బావగారి విషయంలో అన్నిటికంటే ముఖ్యం. దాక్కునేవారందరూ ఎగవేతదారులు కారు. నిజంగా ఎగవేయాలనుకున్న మనిషి నిర్భయంగా శాఖకు వచ్చి, మేనేజరు ఎదుట కుర్చీలో కూర్చుని, తెప్పించిన టీ తాగి, వచ్చే నెల తప్పకుండా కడతానని చెప్పి వెళతాడు. మాట పోవడం అతనికి నష్టం అనిపించదు. మాటకు విలువ ఇచ్చే మనిషికే మొహం చెల్లదు. ఫోన్ ఎత్తకపోవడం, పెళ్ళిళ్ళకు రాకపోవడం వంటివి సిగ్గు వల్ల వచ్చే లక్షణాలే కాని, వాటిని చూసి మోసబుద్ధి అనుకోవడానికి ఆధారం లేదు. అలాగని సిగ్గు వల్ల జరిగే నష్టం తక్కువేమీ కాదు. వడ్డీ ఇద్దరి ఖాతాలలోనూ ఒకే తీరున పెరుగుతుంది.

గుణం నిస్సందేహంగా కనిపించిన సందర్భం ఒకటి చెబుతాను. ప్రామిసరీ నోటుకు మూడేళ్ళ గడువు ఉంటుందని మీకు తెలిసే ఉంటుంది. ఆలోగా దావా వేయకపోతే, కొంత కట్టినట్లు నోటు వెనుక చెల్లు పడకపోతే, దానికి కాలదోషం పడుతుంది. రెండు పంటలు పోయిన ఒక రైతు బంధువు దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు నోటు మూడేళ్ళకు దగ్గర పడింది. అప్పిచ్చిన ఆయన వృద్ధుడు, తేదీలు పట్టించుకునే స్థితిలో లేడు, ఆయన పిల్లలు ఊళ్ళో లేరు. ఈ రైతు తనంతట తానే వెయ్యి రూపాయలు పట్టుకుని వెళ్ళి, ఆయన చేత నోటు బయటకు తీయించి, వెనుక ఫలానా తేదీన ఇంత చెల్లు అని తన చేతితో రాసి సంతకం పెట్టి వచ్చాడు. అంటే తన మీద దావా వేసే హక్కును మరో మూడేళ్ళు తానే పొడిగించి ఇచ్చాడన్నమాట. వేరే పని మీద మా శాఖకు వచ్చినప్పుడు, గడువు లెక్క సరిగ్గా వేశానా లేదా అని నన్ను అడిగితే ఈ సంగతి నాకు తెలిసింది. అదే మనిషి ఆ రోజులలో మా ఫీల్డు ఆఫీసరు ఊళ్ళోకి వస్తే పొలం వైపు వెళ్ళిపోయేవాడు. బయట నుంచి చూసే బంధువులకు కనిపించినది రెండవది మాత్రమే.

ఇక్కడ ఒక పరిశోధన సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అది నేను శాఖలో గమనించినదానికి బలమిచ్చింది. 2013లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో తమిళనాడు చెరకు రైతులను కోతకు ముందు ఒకసారి, కోత డబ్బు చేతికి వచ్చాక మరొకసారి పరీక్షించారు. అదే మనుషులు, అదే ఏడాది. కోతకు ముందు, చేతిలో డబ్బు లేని రోజులలో, తర్కానికీ ఏకాగ్రతకూ పెట్టిన పరీక్షలలో వారి ఫలితాలు తగ్గాయి. డబ్బు కటకట ఆలోచనాశక్తిలో కొంత భాగాన్ని తినేస్తుందన్నది పరిశోధకుల నిర్ధారణ. మా దగ్గర కూడా కాగితాలు చదవకుండా సంతకాలు పెట్టడం, ఒక అప్పు తీర్చడానికి అంతకంటే ఎక్కువ వడ్డీకి మరొకటి తేవడం వంటివి నాట్లు, కోతల ముందు ఎక్కువగా కనిపించేవి. ఆ నెలలలో జరిగిన పొరపాటును ఆ మనిషి మొత్తం తెలివికి కొలతగా తీసుకుంటే, జ్వరంలో ఉన్నవాడి చేత బరువు ఎత్తించి బలం లెక్కగట్టినట్లు ఉంటుంది.

నన్ను అడిగితే, లేమి కంటే కలిమి మనిషిని ఎక్కువగా చూపిస్తుంది; ఎందుకంటే అప్పుడు మనిషికి ఎంచుకునే వీలు నిజంగా ఉంటుంది. 2015లో రాజధాని కోసం అమరావతి భూసమీకరణ మొదలైనప్పుడు, భూమి ఇచ్చిన రైతులకు మెట్ట ఎకరానికి ఏడాదికి 30,000, జరీబుకు, అంటే ఏటి ఒడ్డున నీటి వసతి గల సారవంతమైన భూమికి, 50,000 రూపాయల కౌలు ప్రకటించారు. చుట్టుపక్కల భూమి ధరలు కొద్ది నెలలలోనే ఊహకు అందనంత పెరిగాయి. ఎకరమో అరెకరమో అమ్మిన కుటుంబాలలో కొందరు ముందుగా పాత నోట్లన్నీ విడిపించుకుని, అక్కాచెల్లెళ్ళ పసుపు కుంకుమల బాకీ తీర్చి, మిగిలినదానితో దూరాన మరో చోట పొలం కొన్నారు. మరికొందరు చేతిలో కోటి ఉండగానే, ఇంకా పెరుగుతుందన్న నమ్మకంతో మరో ప్లాటుకు అడ్వాన్సు ఇచ్చి మిగతా సొమ్ము వడ్డీకి తెచ్చారు. 2019 తరువాత అక్కడ పనులు ఆగి ధరలు కుప్పకూలినప్పుడు రెండవ రకం వారు ప్రభుత్వాలను తిట్టారు, తిట్టడానికి కారణమూ ఉంది. కాని వారి ఇక్కట్లలో ఎంత భాగం ప్రభుత్వం చేసినది, ఎంత భాగం ఆ అడ్వాన్సు రాసిన చేయి చేసినది అన్నది వారి పాసు పుస్తకం తీస్తే తేలిపోతుంది. మీ బావగారు కూడా మంచి ధర వచ్చిన ఏడాది డబ్బును ఏం చేశారో ఒకసారి గుర్తు చేసుకోండి. ఇప్పటి ప్రవర్తన కంటే అది మీకు ఎక్కువ చెబుతుంది.

ఒక మినహాయింపు. పరిస్థితి అన్నది కొన్నిసార్లు నియమాలు రాసినవారు తయారు చేసినది. 2008 నాటి కేంద్ర రుణమాఫీలో రెండు హెక్టార్ల లోపు రైతులకు మొత్తం రద్దు చేశారు, అంతకు మించిన వారికి 75 శాతం కడితే 25 శాతం తగ్గించారు. 2007 డిసెంబరు 31 నాటికి బకాయి పడి, 2008 ఫిబ్రవరి నెలాఖరు వరకు కట్టనివారికే ఇది వర్తించింది. నగలు తాకట్టు పెట్టి గడువుకు కట్టినవారికి ఏమీ రాలేదు. కట్టడమే మేము చేసిన తప్పా అని వారు కౌంటరు దగ్గర అడిగితే జవాబు చెప్పగలిగిన అధికారి ఎవరూ లేరు. ఆ తరువాత 2014లో రెండు రాష్ట్రాలలోనూ మాఫీ హామీలు వచ్చినప్పుడు, అంతవరకు క్రమం తప్పకుండా కట్టిన చాలామంది చేయి బిగబట్టారు. దానిని రైతుల నైతిక పతనమని మా అధికారులే కొందరు సమావేశాలలో అనేవారు. నాకు అది పాత అనుభవం నుంచి నేర్చుకున్న లెక్కగానే కనిపించింది.

ఇక మీరు చేయవలసిన పని. బావగారి ఇంటికి వెళ్ళండి, ఫోన్ కోసం ఎదురుచూడవద్దు. గుణం గురించీ గతం గురించీ మాట్లాడకుండా, కాగితాలు చూపించమని అడగండి: బ్యాంకు పాసు పుస్తకం, బయట రాసిన నోట్ల వివరాలు తేదీలతో సహా, మందుల దుకాణం ఖాతా, స్టోరేజీలో సరుకు ఉంటే దాని రసీదు. అన్నీ తెచ్చి ముందు పెడితే ఆ మనిషితో కలిసి పని చేయవచ్చు. సగం చూపించి సగం దాస్తే, దాచినది బయటపడేవరకు డబ్బు మాట ఎత్తవద్దు. అసలు బాకీ ఎంతో తనకే తెలియదంటే కంగారు పడకండి, అది చాలామంది విషయంలో నిజం. ఇద్దరూ కూర్చుని రాయండి, మా చెల్లెమ్మగారిని, అంటే ఆయన భార్యను కూడా కూర్చోబెట్టండి, ఎందుకంటే చేబదుళ్ళ లెక్క ఇంటి ఆడవారికే సరిగ్గా తెలిసి ఉంటుంది.

హామీ సంతకం మాత్రం పెట్టవద్దన్నదే నా సలహా, ఆయన ఎంత మంచివారైనా సరే. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 128వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప, హామీదారు బాధ్యత అప్పు తీసుకున్నవారి బాధ్యతతో సమానం. ముందు ఆయనను అడిగిన తరువాతే మిమ్మల్ని అడగాలన్న నియమం బ్యాంకుకు లేదు. పైగా పాత అప్పు తీర్చడానికి తెచ్చే కొత్త అప్పు కాబట్టి, తిరిగి రాబడినిచ్చే వస్తువేదీ దాని వెనుక ఉండదు. మీరు పోగొట్టుకున్నా ఇల్లు గడిచేంత సొమ్ము ఏదైనా ఉంటే, దానిని నేరుగా అన్నిటికంటే ఎక్కువ వడ్డీ ఉన్న నోటు మీద కట్టించి, వెనుక చెల్లు రాయించండి.

బ్యాంకు బాకీ సంగతికి ఆయనను వెంటబెట్టుకుని శాఖకు వెళ్ళి, రీషెడ్యూలుకు అవకాశం ఉందా, ఖాతా ఇప్పటికే ఎన్‌పీఏ అయి ఉంటే ఏకకాల పరిష్కారానికి, అంటే ఒకేసారి కొంత కట్టి ఖాతా ముగించుకోవడానికి, ఎంత అడుగుతున్నారు అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. లోక్ అదాలత్‌లో పెట్టమని వారే సూచించవచ్చు, అక్కడ వడ్డీలో తగ్గింపు దొరికే అవకాశం ఉంటుంది. అయితే లోక్ అదాలత్ ఇచ్చే అవార్డు, అంటే తీర్పు మీద అప్పీలు ఉండదు. అందువల్ల వచ్చే రెండు పంటల మీద ఆయన నిజంగా కట్టగలిగిన మొత్తం ఎంతో ఇంటి దగ్గరే లెక్క వేసుకుని, అంతకు మించిన వాయిదాకు అక్కడ ఒప్పుకోకుండా చూడండి.